రాయికీ కాగితం రాసివ్వండి: గోదావరి జిల్లాల నగల వర్తకులకు, అధికారులకు బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల నగల వర్తక సంఘాల పెద్దలకు,
తూనికలు కొలతల శాఖ, పౌర సరఫరాల శాఖ అధికారులకు,
భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారికి,

అయ్యా, అమ్మా, నమస్కారం.

రాజోలు దీవిలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. నగల్లో పొదిగిన రాళ్ళ వివరం కాగితం మీద లేక నేను నష్టపోయిన సంగతి ముందు మీకే చెప్పుకున్నాను. నగ కొన్న కొట్టుకు మూడుసార్లు వెళ్ళాను. సంఘానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. సోమవారం అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడి కాగితం ఇచ్చాను. కొట్టువాళ్ళు మాట దాటేశారు. సంఘం జవాబు రాయలేదు. అర్జీ ఇచ్చిన పద్దెనిమిదో రోజున నా ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. ఈలోగా నన్ను పిలిచి అడిగినవాళ్ళు లేరు, నగ చూసినవాళ్ళు లేరు. ఇది తొమ్మిదో నెల. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు దారి కనపడలేదు.

కొట్టు పేరు రాయను. ఆ ఒక్క కొట్టుతో తీరిపోయే గొడవైతే ఇంత రాసేదాన్నే కాదు.

జరిగింది ఇది

మా అమ్మ పెళ్ళికి తాతగారు మెడలో వేసుకునే కెంపుల అడ్డిగ చేయించారు. ఇరవై ఏడు కెంపులు, మధ్య బిళ్ళలో ఒక పచ్చ, కింద వేలాడుతూ ఏడు ముత్యాలు. ఆచారిగారు మా అరుగు మీదే కుంపటి పెట్టుకుని నెలరోజుల పాటు చేశారట. ఒక్కో రాయికి బంగారంతో గూడు కట్టేవారు. అందులో లక్క నింపి, పైన తళుకు రేకు పరిచి, దాని మీద రాయిని కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారాన్ని అదిమి బిగించేవారు. వెనక మూసి ఉండే పని కాబట్టి రాయికి వెలుగు ఆ రేకు మీద నుంచే రావాలి. నీళ్ళు దిగితే రేకు నల్లబడి రాయి చచ్చిపోతుందని అమ్మ ఆ నగను ఏనాడూ తడపలేదు. మెత్తటి పాత చీర ముక్కతో తుడిచి దూదిలో పెట్టి దాచేది. 1996 నవంబరు తుపాను రాత్రి ఇంటి మీద పెంకులు లేచిపోతుంటే ఆవిడ నడుముకు బిగించుకున్న మూటలో ఉన్నవి రెండే: పొలం దస్తావేజులు, ఈ అడ్డిగ.

పోయిన శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి. ఆ అడ్డిగ ఇచ్చేసి, ఇప్పటి పిల్లలు వేసుకునే మోడల్‌లో కెంపుల నెక్లెస్ తీసుకుందామని కొట్టుకు వెళ్ళాం. పాత నగను కాటా మీద పెడితే 44.200 గ్రాములు తూగింది. లోపలికి తీసుకెళ్ళారు. మేం బయట కూల్‌డ్రింకు తాగుతూ కూర్చున్నాం. ముప్పావు గంటకు కరిగించిన ముద్ద తెచ్చి చూపించారు: 29.600 గ్రాములు. “రాళ్ళేవండీ?” అని అడిగాను. “పాత రాళ్ళమ్మా, పనికిరావు” అన్నాడు కుర్రవాడు. కావాలని గట్టిగా అడిగితే ఒక కాగితం పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. పెళ్ళి హడావుడి. పొట్లం విప్పకుండా సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను.

పెళ్ళయ్యాక తీరిగ్గా విప్పి చూస్తే ఎర్రరాళ్ళు ఇరవై నాలుగు, పచ్చ ఒకటి, ముత్యాలు ఆరు ఉన్నాయి. మా ఊళ్ళో నమ్మకమైన కాటా మీద తూపిస్తే అన్నీ కలిపి 4.800 గ్రాములు. అంటే 44.200 లోంచి బంగారం 29.600, పొట్లం 4.800 తీసేస్తే ఇంకా 9.800 గ్రాములు మిగలాలి. అందులో లక్క ఉంటుంది, మురికి ఉంటుంది, కరిగించినప్పుడు పోయేది ఉంటుంది, నాకు తెలుసు. కానీ దేనికి ఎంత పోయిందో ఒక్క అంకె కూడా ఏ కాగితం మీదా లేదు. పాత నగకు వాళ్ళిచ్చిన చీటీలో ఉన్నది ఒకే ఒక్క వరస: ‘ఓల్డ్ గోల్డ్ 29.600’.

ఆ పొట్లం తీసుకుని మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని హైదరాబాదులో రాళ్ళు పరీక్షించే ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా ఒక్కో రాయినీ మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమంది. ఒక రాయిలో పట్టుదారాల్లాంటి సన్నని పోగులు అడ్డదిడ్డంగా మెరుస్తున్నాయి. “ఇది భూమిలో పుట్టిన కెంపండీ” అంది. ఇంకొక రాయిలో గ్రామఫోను రికార్డు మీద గీతల్లా వంపు తిరిగిన చారలున్నాయి. అది మంటలో పొడిని కరిగించి తయారుచేసిన కెంపట. ఆ పద్ధతిని వెర్న్యూయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లోనే బయటపెట్టాడనీ, కాబట్టి అమ్మల నాటి నగ అయినంత మాత్రాన అందులో రాళ్ళన్నీ గని నుంచి వచ్చినవే అనుకోకూడదనీ చెప్పింది. ఇరవై నాలుగింటిలో పదిహేను సహజమైనవి, ఆరు అలా తయారైనవి. ఆ ఆరింటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. తాతగారు తెలియక కొని ఉంటారు, లేదా ఆయనకు అమ్మినవారికే తెలియదేమో.

మిగతా మూడూ ఎర్ర గాజు. పలకలు పలకలుగా కోసిన కొత్త గాజు. మా అమ్మ మెడలో ఆ అడ్డిగ ఉన్న ఫొటో, అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో దగ్గరగా తీసింది, నా దగ్గర ఉంది. అందులో ఇరవై ఏడు రాళ్ళూ చింతగింజ వీపులా నున్నగా ఉబ్బెత్తుగా ఉన్నాయి. పలక కోసిన రాయి ఒక్కటీ లేదు.

ఫొటో, ల్యాబ్ రిపోర్టు పట్టుకుని కొట్టుకు వెళితే మేనేజరుగారు అన్నమాట: “పొట్లం మీరు ఇంట్లో విప్పారు. అందులో ఏం కలిసిందో మాకేం తెలుసు?” ఆయన అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. రాళ్ళు మార్చారని నేను నిరూపించలేను. మార్చలేదని వాళ్ళూ నిరూపించలేరు. ఎన్ని రాళ్ళు తీశారు, ఏ రకం, ఎంత బరువు అని ఒక కాగితం ఉంటే ఇద్దరికీ ఈ తిప్పలు ఉండేవి కావు.

కొత్త నెక్లెస్ సంగతి కూడా చెప్పాలి. బిల్లులో బంగారం నికర బరువు ఉంది, స్వచ్ఛత 22 క్యారెట్లని ఉంది, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకున్నాను, సరిపోయింది. బంగారం విషయంలో నాకు ఏ లోటూ జరగలేదు, అది కూడా అంతే స్పష్టంగా చెబుతున్నాను. దాని కింద వరసలో మాత్రం ‘స్టోన్ ఛార్జెస్ 46,000’ అని రాసి ఊరుకున్నారు. ఏ రాయి, ఎన్ని, ఎన్ని క్యారెట్ల బరువు, ఎలాంటివి అనేది లేదు. నోటితో మాత్రం “ఒరిజినల్ కెంపులమ్మా” అన్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి చెమట జిడ్డు పోవాలని గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం పిండి కడిగింది. మూడు కెంపుల మీద తెల్లటి గీతలు తేలాయి. పగుళ్ళున్న నాసిరకం కెంపుల్లోకి సీసం కలిసిన గాజు కరిగించి పోసి, పగుళ్ళు కనపడకుండా చేసిన రాళ్ళవి అని ల్యాబ్‌లో తేలింది. అలాంటి రాయిలో గాజును నిమ్మరసం కూడా తినేస్తుందట. కొట్టులో అడిగితే “నిమ్మరసంతో ఎవరు కడగమన్నారండీ?” అన్నారు. కడగకూడదని వాళ్ళూ చెప్పలేదు కదా.

ఇది నా ఒక్కదాని బాధ కాదు

ఈ తొమ్మిది నెలల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరిని కదిపినా ఇలాంటిదే ఒక కథ చెప్పారు. విన్నవి, చూసినవి వరసగా రాస్తున్నాను.

1. డెల్టాలో ఆడవాళ్ళ నగ అంటే పెట్టుబడి. సార్వాకు (వానాకాలం వరి) ఊడ్పుల ముందు తాకట్టు పెడతాం, కోతలయ్యాక విడిపిస్తాం, దాళ్వాకు (రెండో పంట) మళ్ళీ పెడతాం. బ్యాంకులో రాళ్ళు, లక్క తీసేసి నికర బంగారానికే అప్పిస్తారు. అది న్యాయమే. రాయి బరువు, రాయి ధర కలిపి కొన్న ఇల్లాలికి ఆ సంగతి తెలిసేది మాత్రం బ్యాంకు కౌంటరు దగ్గరే. ఒక లెక్క చూడండి. బంగారం గ్రాము పదివేలు అనుకుందాం. అరవై గ్రాముల హారంలో రాళ్ళు ఎనిమిది గ్రాములు. మొత్తం తూకానికి బంగారం ధర కడితే రాళ్ళ మీదే 80,000 పోయింది. బంగారం బరువు విడిగా చూపించి, తరుగు (నగ చేయడంలో బంగారం పోతుందని వేసే శాతం) మాత్రం మొత్తం బరువు మీద వేసే పద్ధతి ఇంకా ఎక్కువచోట్ల ఉంది. 18 శాతం తరుగు అనుకుంటే ఆ ఎనిమిది గ్రాముల రాళ్ళకు 14,400 రూపాయల బంగారపు తరుగు కట్టినట్టు. రాయికి బంగారం ఎలా తరుగుతుంది? ఆ డబ్బుతో ఎకరం దాళ్వాకు ఎరువులు వస్తాయి.

2. మా రాజోలు, మలికిపురం వైపు ప్రతి ఊరి నుంచీ ఆడవాళ్ళు కువైట్‌కో, మస్కట్‌కో ఇంటిపనికి వెళతారు. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, ఒకరింట్లో రెండేళ్ళు వంగి పనిచేసి తెచ్చుకున్న డబ్బు అది. నా దగ్గర రెండో తరగతి చదివిన అమ్మాయి ఒకామె అలా వచ్చి కూతురికి రవ్వల దుద్దులు కొంది. ‘డైమండ్’ అని చెప్పి ఇచ్చారు. ఏడాది తర్వాత అమ్ముకోబోతే సీజెడ్ రాళ్ళని తేలింది. సీజెడ్ అంటే వజ్రంలా మెరవడానికి తయారుచేసే రాయి. ధరలో దానికీ వజ్రానికీ పోలికే లేదు. ఇప్పుడు వజ్రంలా కనిపించే మొజనైట్ అనే ఇంకో రాయి వచ్చింది, ల్యాబ్‌లో తయారుచేసే ల్యాబ్ డైమండ్ వచ్చింది. వేటి ధర వాటికుంది, తెలిసి కొనుక్కుంటే ఏదీ తప్పు కాదు. ఆ అమ్మాయి బిల్లులో ఉన్నది ‘స్టోన్’ అన్న ఒక్క మాటే. దాన్ని పట్టుకుని ఎవరిని నిలదీస్తుంది?

3. తెలియక కడిగి పాడుచేసుకుంటున్నాం. కుంకుడురసం, చింతపండు, నిమ్మకాయ, ఇవి మన ఇళ్ళలో తరతరాలుగా బంగారం కడిగేవి. ఒట్టి బంగారానికి ఏమీ కాదు. గాజు పోసిన కెంపుకు పులుపు తగిలితే తెల్లబడుతుంది. ముత్యం సున్నపు జాతిది, పులుపుకు కరిగి కాంతి పోతుంది. పచ్చల్లో చాలావాటికి పగుళ్ళు కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్ళు, సబ్బు తగిలితే ఆ నూనె పోయి పగుళ్ళు బయటపడతాయి. వెనక మూసిన నగ సంగతి పైనే చెప్పాను. అమ్మేటప్పుడు రెండు వాక్యాలు చెబితే చాలు, ఏ రాయి మీద ఏం చేశారో, దాన్ని ఎలా చూసుకోవాలో. మందుల షాపులో కూడా తిన్నాకా, తినకముందా అని చెప్పే పంపుతారు.

4. పాత పని కరిగిపోతోంది. అన్నింటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కంటె, పట్టెడ, నాను, నాగరం, చెంపసరాలు, వంకీ: ఇవన్నీ డెల్టా ఇళ్ళ ఇనప్పెట్టెల్లో ఉండేవి. ఒక్కోదాని వెనక పేరు తెలియని ఆచారిగారి పనితనం ఉంది. మీ కొట్లలో అవి కాటా మీద పడగానే ‘ఓల్డ్ గోల్డ్’ అయిపోతాయి. రాళ్ళను పట్టుకారుతో పెకలిస్తే విరిగేవి విరుగుతాయి, మిగిలినవి పొట్లంలోకి పోతాయి. ఇంకోవైపు నిన్న మొన్న అచ్చుపోసిన నగకు మసక పాలిష్ వేసి ‘యాంటిక్’ అని బోర్డు పెడతారు. మన దేశ చట్టంలో అలాంటి వస్తువును పురావస్తువు అనాలంటే నూరేళ్ళు దాటాలి. మీరు ‘యాంటిక్’ అనేది వట్టి పాలిష్ పేరేనని కొనేవాళ్ళలో ఎంతమందికి తెలుసు? నిజంగా పాతదాన్ని కరిగించి, పాతదానిలా కనిపించే కొత్తదాన్ని కొనుక్కుని ఇంటికి వస్తున్నాం. నేనూ అదే చేశాను, ఇప్పుడు తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

5. ‘కెంపు’ అన్న మాటకే అర్థం చెడిపోయింది. ఎర్ర గాజునూ కెంపే అంటున్నారు, గాజు పోసిన రాయినీ కెంపే అంటున్నారు, బర్మా కెంపునూ కెంపే అంటున్నారు. మచిలీపట్నం గిల్టు నగలు అమ్మేవాళ్ళు గిల్టు అని చెప్పే అమ్ముతారు. ఆ వ్యాపారానికి దేశమంతా గిరాకీ ఉంది. గాజును గాజని చెబితే మీ వ్యాపారం మాత్రం ఎందుకు పడిపోతుంది?

6. అక్కచెల్లెళ్ళ పంపకాల్లో గొడవలు. ఒకరికి రాళ్ళ నగ, ఇంకొకరికి వట్టి బంగారం వస్తుంది. బిల్లులో రాయి వివరం లేకపోతే ఎవరికి ఎంత ముట్టిందో ఎవరూ చెప్పలేరు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

బంగారం విషయంలో ప్రభుత్వం గట్టి పనే చేసింది, కాదనను. 2021 జూన్ 16 నుంచి విడతలవారీగా హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదన్నారు. ముద్ర వేసినదాని కంటే స్వచ్ఛత తక్కువుంటే ఆ తేడాకు రెండింతలు, పరీక్ష ఖర్చులు కొనుగోలుదారుకు చెల్లించాలని బీఐఎస్ నిబంధనల్లో ఉంది. కానీ ఆ ముద్ర చెప్పేది బంగారం సంగతే. పక్కనే పొదిగిన రాయి గురించి అది ఒక్క మాటా చెప్పదు. ముద్ర చూసి జనం నగ మొత్తానికి గ్యారంటీ ఉందనుకుంటున్నారు. పైగా రాళ్ళు ఒత్తుగా పొదిగే కుందన్, పోల్కి, జడావు రకం నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచే మినహాయింపు ఇచ్చారు. అంటే ఏ నగలో రాళ్ళు ఎక్కువో ఆ నగకే కాపలా తక్కువ.

బ్యాంకుల సంగతి చూడండి. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు బంగారం అప్పుల మీద కొత్త ఆదేశాలిచ్చింది. నగ విలువ కట్టేటప్పుడు అప్పు తీసుకునేవారు ఎదురుగా ఉండాలి. మొత్తం బరువెంత, నికర బరువెంత, రాళ్ళకూ లక్కకూ తీసేసిందెంత అనేది కాగితం మీద రాసివ్వాలి. ఆర్నెల్లకు తాకట్టు పెట్టే నగకే అంత జాగ్రత్త ఉంటే, శాశ్వతంగా చేతులు మారే నగకు కొట్టులో ఎందుకు ఉండకూడదు?

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళమని కొందరు సలహా ఇచ్చారు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వెళ్ళొచ్చు. కాగితం లేనిదే అక్కడ మాత్రం ఏం చూపిస్తాం? ప్రతి ఇల్లాలూ రాళ్ళ పొట్లం పట్టుకుని హైదరాబాదు బస్సెక్కగలదా? రానుపోను ఛార్జీలు, ల్యాబ్ ఫీజు, రెండు రోజుల పని. నాకు పెన్షన్ ఉంది కాబట్టి వెళ్ళాను. రొయ్యల చెరువు మీద రోజుకూలీకి వెళ్ళే మనిషి, నరసాపురం వైపు లేసు అల్లి నాలుగు రూపాయలు వెనకేసుకునే మనిషి వెళ్ళలేరు.

వర్తకులు చెప్పేది కూడా విన్నాను

నాకు తెలిసిన ఒక పెద్దాయన, నలభై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నవారు, తన బాధ చెప్పుకున్నారు. “పాత రాయికి ధర కట్టడం మావల్ల కాదు టీచరుగారూ. ఒకే ఎర్రరాయికి ఒకడు వెయ్యి అంటాడు, ఒకడు లక్ష అంటాడు. మేమే టోకున కొనేటప్పుడు మోసపోతున్నాం” అన్నారు. ఆయన మాట నిజమే. అందుకే పాత రాళ్ళను కొనమని నేను అడగడం లేదు. లెక్కపెట్టి తిరిగి ఇవ్వమంటున్నాను. గాజు కెంపును నిజం కెంపుగా అమ్మే కొట్టు పక్కన నిజం చెప్పి అమ్మే కొట్టు నిలబడలేదు. రేటు ఎక్కువని జనం వెళ్ళిపోతారు. కాగితం పద్ధతి వస్తే ముందు మేలు జరిగేది ఆయనలాంటి వాళ్ళకే.

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే ప్రధానంగా మన దేశమే. అందులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గని పేరు దేశదేశాల్లో మోగింది. ఏజెన్సీ కొండల్లో ఇప్పటికీ వైడూర్యం దొరుకుతుంది. రాళ్ళు పుట్టిన నేల మీద బతుకుతూ మెడలో ఉన్న రాయేమిటో తెలియకుండా ఉన్నాం.

మేం కోరేవి

వర్తక సంఘాలను:

1. ప్రతి బిల్లులో మొత్తం బరువు, బంగారం నికర బరువు, రాళ్ళ బరువు మూడూ విడివిడిగా రాయాలి. తరుగు, మజూరీ నికర బంగారం మీదే లెక్కకట్టాలి.

2. ‘స్టోన్ ఛార్జెస్’ అన్న ఒక్క వరస పోవాలి. రాయి పేరు, ఎన్ని, ఎన్ని క్యారెట్లు, సహజమైనదా, తయారుచేసిందా, గాజా అనేది తెలుగులో రాయాలి. వేడిచేసినా, నూనె పట్టించినా, గాజు పోసినా అదీ రాయాలి. రాయిని క్యారెట్లలోనే తూచాలి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, ఎక్కడైనా అంతే. రత్తి అనే పాత తూకమైతే ఒక కొట్లో ఒక బరువు, ఇంకో కొట్లో ఇంకో బరువు. జాతకం రాళ్ళు అమ్మేవారికి కూడా ఇదే వర్తించాలి.

3. పాత నగ మార్చుకునేటప్పుడు రాళ్ళు తీయడం, కరిగించడం నగ యజమాని కళ్ళ ముందు జరగాలి. ముందుగా రెండు వైపులా ఫొటో తీయాలి. తీసిన రాళ్ళను లెక్కపెట్టి, తూచి, సీలు వేసిన కవరులో అడగకుండానే తిరిగి ఇవ్వాలి. ఆ కవరు మీద ఇద్దరి సంతకాలుండాలి. దీనికి కొట్టుకయ్యే ఖర్చు ఒక కవరు, పది నిమిషాల సమయం.

4. వెనక మూసిన పాత పని ఉన్న నగ వస్తే కరిగించే ముందు “ఇది పాత పనితనం, బాగు చేయించుకుని ఉంచుకోవచ్చు” అని ఒక్క మాట చెప్పాలి. ఇలాంటి నగల్లో లక్క, రేకు మార్చి రాయి మళ్ళీ బిగించడం తెలిసిన ఆచారులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారి పేర్లు సంఘం దగ్గర ఉంటే అడిగినవారికి చెప్పొచ్చు. మా అమ్మ అడ్డిగ విషయంలో నాతో ఎవరైనా ఆ మాట అని ఉంటే అది ఇవాళ మా అమ్మాయి మెడలో ఉండేది.

5. కొత్త నగను యాంటిక్ అని అమ్మితే పక్కనే ‘కొత్తది, పాలిష్ మాత్రమే’ అని రాయాలి.

అధికారులను:

6. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరంలో వారానికి ఒక రోజైనా రాళ్ళు పరీక్షించే కౌంటరు పెట్టాలి. కెంపా గాజా అని తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదని ల్యాబ్‌లో నా కళ్ళతో చూశాను. భూతద్దం, మైక్రోస్కోపు, రాయిలో వెలుగు ఎంత వంగుతుందో కొలిచే చిన్న పరికరం ఒక బల్ల మీద పడతాయి. శిక్షణ ఉన్న మనిషి కావాలి, అంతే. హాల్‌మార్కు వేయని బంగారు నగను 200 రూపాయలకు పరీక్ష చేయించుకునే వీలు ఇప్పటికే కల్పించారు. రాయికి కూడా అలా సామాన్యులు ఇచ్చుకోగల ఫీజు పెట్టండి.

7. మొదటి మూడు కోరికలను సంఘాలు మూడు నెలల్లో తమంతట తాము అమలు చేయకపోతే, తూనికలు కొలతల శాఖవారు ఆకస్మిక తనిఖీల్లో పాత నగల మార్పిడి చీటీలు కూడా చూడాలి. పెట్రోలు బంకులు, రేషను డిపోలు చూస్తున్నారు కదా.

8. బీఐఎస్ వారు కుందన్, పోల్కి, జడావు మినహాయింపును మళ్ళీ పరిశీలించాలి. ముద్ర వేయడం కష్టమైతే వేయకండి. ఆ నగలకు రాతపూర్వక వివరం తప్పనిసరి చేయండి.

9. అర్జీ ఇచ్చినవారితో ఒక్కసారైనా మాట్లాడకుండా ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ పంపకండి.

చదివే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇవన్నీ వచ్చేదాకా ఆగకండి. మీ ఇంట్లో ఉన్న రాళ్ళ నగను ఇవాళే సెల్‌ఫోనులో దగ్గరగా, ముందూ వెనకా ఫొటో తీసి పెట్టుకోండి. రాళ్ళు లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాసుకోండి. కొట్లో నగను లోపలికి తీసుకెళతామంటే మీరూ వెళ్ళండి. ‘స్టోన్’ అని రాస్తే ఏ స్టోనో రాయమనండి. రాయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

వర్తక సంఘం పెద్దలు, అధికారులు కలిసి ఒక తేదీ చెప్పండి. అమలాపురమైనా, రాజమహేంద్రవరమైనా వస్తాను. పొట్లం, ఫొటో, ల్యాబ్ రిపోర్టు, రెండు బిల్లులు నేను తెస్తాను. కాటా, భూతద్దం మీరు తీసుకురండి. అందరి ముందూ ఆ ఇరవై నాలుగు రాళ్ళూ బల్ల మీద పోసి మొదటి రాయి నుంచి లెక్కపెడదాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు దీవి, కోనసీమ